స్మాకాఫ్ ప్యాకేజీ వాడి చూశా: ఆవకాయకీ గోంగూరకీ మధ్య దూరం ఎంత?

ఇది ఫోన్ రివ్యూ కాదు, బిర్యానీ రివ్యూ అంతకన్నా కాదు. ఆర్ అనే స్టాటిస్టిక్స్ ప్రోగ్రామింగ్ భాషలో వాడుకునే స్మాకాఫ్ అనే ఫ్రీ ప్యాకేజీ గురించి. మల్టీడైమెన్షనల్ స్కేలింగ్ చెయ్యడానికి వాడతారు దీన్ని, ఇకనుంచి ఎమ్‌డీఎస్ అంటా, ప్రతిసారీ అంత పేరు టైప్ చెయ్యలేను. హైదరాబాద్‌లో ఓ చిన్న మార్కెట్ రీసెర్చ్ ఆఫీసులో డేటా పని నాది, పచ్చళ్ళ కంపెనీ ఒకటి మా దగ్గరికొచ్చి "మా పచ్చళ్ళని జనం ఒకదానికొకటి ఎంత దగ్గర అనుకుంటున్నారో చెప్పండి" అని అడిగింది, అలా తొమ్మిది నెలలుగా దీంతోనే కాపురం.

ఎమ్‌డీఎస్ తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. పాత రోడ్డు మ్యాపు పుస్తకాల్లో ఊళ్ళ మధ్య కిలోమీటర్ల పట్టిక ఉండేది గుర్తుందా, మెట్లు మెట్లుగా దిగుతూ? ఆ పట్టిక ఒక్కటే చేతిలో పెట్టి, మ్యాపు చూపించకుండా, ఊళ్ళు ఎక్కడెక్కడున్నాయో గీయమంటే గీసేస్తుంది. అంతే దాని పని. అయితే కిలోమీటర్ల చోట "ఇవి రెండూ ఎంత వేరుగా అనిపించాయి" అన్న మార్కులు పెట్టినా గీస్తుంది, మా బోటి వాళ్ళు డబ్బులు తీసుకునేది ఆ రెండోదానికి.

కొత్త కత్తి కొంటే ముందు ఉల్లిపాయ మీద చూస్తాం కదా, నేనూ ముందు మన ఊళ్ళ మీదే చూశా. ఆర్ తో పాటే యూరోడిస్ట్ అని 21 యూరప్ నగరాల రోడ్డు దూరాల డేటా వస్తుంది, పుస్తకాలన్నీ దాంతోనే మొదలుపెడతాయి, కానీ అందులో ఊరు తప్పు చోట పడ్డా నాకు తెలీదుగా. అందుకే హైదరాబాద్, వరంగల్, ఆదిలాబాద్, కర్నూలు, అనంతపురం, తిరుపతి, విజయవాడ, విశాఖ ఎనిమిదీ తీసుకుని రోడ్డు దూరాలు వేసి రన్ చేశా. బొమ్మ వచ్చింది, మా సార్ వెనకనుంచి తొంగిచూసి "ఏంటమ్మా, విశాఖని అరేబియా సముద్రంలో కలిపేశావ్" అన్నారు. నిజమే, ఎడం కుడి తిరగబడింది. తప్పేం కాదు అది, దూరాల పట్టికలో తూర్పూ పడమరా ఎక్కడుంటాయి, దూరాలే ఉంటాయి, బొమ్మని తిప్పినా అద్దంలో చూసినా దూరాలు మారవు. ఆ అడ్డం గీత మీది అంకెల గుర్తు (ప్లస్సుని మైనస్సుగా) మార్చి మళ్ళీ వేస్తే విశాఖ బంగాళాఖాతం ఒడ్డుకి వచ్చేసింది.

కానీ అసలు మజా వేరేచోట ఉంది. హైదరాబాద్ విజయవాడ రోడ్డు మీద సుమారు 275 కిలోమీటర్లు, విజయవాడ విశాఖ 350, హైదరాబాద్ విశాఖ 620. మొదటి రెండూ కలిపితే 625, మూడోది 620, అంటే రోడ్డు లెక్కలో ఈ మూడూ దాదాపు ఒకే గీత మీద ఉన్నట్టే. ఈ మూడు ఊళ్ళతోనే లెక్కేస్తే విజయవాడ దగ్గర కోణం 165 డిగ్రీల దాకా వస్తుంది. నిజం మ్యాపులో, పక్షి ఎగిరే దూరం తీసుకుంటే, అక్కడ 130 డిగ్రీల మలుపుంటుంది. ఎందుకంటే హైదరాబాద్ నుంచి విశాఖకి మనం నేరుగా పోలేం, అడవులూ కొండలూ అడ్డం కాబట్టి కిందికి దిగి కోస్తా పట్టుకుని పోతాం. అంటే ఎమ్‌డీఎస్ నాకు ఇండియా మ్యాపు గీయలేదు, బస్సు డ్రైవర్ బుర్రలో ఉండే మ్యాపు గీసింది. ఏ దూరం ఇస్తే ఆ లోకం బొమ్మ వస్తుంది, ఇది నాకు ఆ రోజు బాగా ఎక్కింది, తర్వాత పచ్చళ్ళ దగ్గర ఇదే నన్ను కాపాడింది, ఒకసారి ముంచింది కూడా.

సరే పచ్చళ్ళు. 12 తీసుకున్నాం: ఆవకాయ, వెల్లుల్లి ఆవకాయ, బెల్లం ఆవకాయ, పెసరావకాయ, మాగాయ, గోంగూర, పండుమిరప, టమాటా, ఉసిరి, చింతకాయ, నిమ్మకాయ, అల్లం. పన్నెండంటే జతలు 66. ఒక మనిషి చేత 66 సార్లు రెండేసి పచ్చళ్ళు నాకించి "ఇవి ఎంత పోలి ఉన్నాయి, 1 నుంచి 9 దాకా చెప్పండి" అనడం మానవత్వం కాదు. పాతిక జతలు దాటాక నాలుక మొద్దుబారి అందరూ అన్నిటికీ 5 ఇస్తారు, మధ్యలో పెరుగన్నం పెట్టినా సరే. అందుకని ఒక్కొక్కరికి 22 జతలే ఇచ్చాం, మూడోవంతు. కోస్తా వాళ్ళ పట్టికా తెలంగాణ వాళ్ళ పట్టికా విడగొట్టేసరికి కొన్ని గళ్ళు ఖాళీగా మిగిలాయి. ఇక్కడ స్మాకాఫ్‌కి మొదటి మార్కు. ఆర్ లో ఎప్పటినుంచో ఉన్న ఫంక్షన్ సీఎమ్‌డీస్కేల్ అయితే ఒక్క గడి ఖాళీ ఉన్నా మొహం మీదే తలుపేస్తుంది, ఇది మాత్రం ఖాళీ గడికి బరువు సున్నా అనుకుని మిగతావాటితో పని కానిచ్చేస్తుంది.

రుచి చూడ్డానికి వచ్చినావిడ ఒకరు గోంగూరా నిమ్మకాయా జత దగ్గర ఆగి, "ఇదేం ప్రశ్న బాబూ, పులుపు అడుగుతున్నావా, నోట్లో ఎలా ఉందని అడుగుతున్నావా, దేంట్లోకి కలుపుకుంటామని అడుగుతున్నావా? పులుపైతే రెండూ ఒకటే, అన్నంలోకైతే భూమికీ ఆకాశానికీ ఉన్నంత" అంది. మా వాడు నీళ్ళు నమిలాడు. పిన్నిగారు చెప్పిందే కరెక్టు, అదే రోడ్డు దూరమా పక్షి దూరమా అన్న గొడవ మళ్ళీ వచ్చింది. మేం కావాలనే చెప్పకుండా వదిలేశాం, జనం మనసులో ఏది పెద్ద తేడాయో వాళ్ళంతట వాళ్ళే బయటపెట్టాలని, కానీ ఆవిడ ముందు అది చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఇప్పుడు నా తప్పు. రాత్రి పదకొండింటికి కూర్చుని సగటు మార్కుల పట్టికని యథాతథంగా స్మాకాఫ్‌కి ఇచ్చేశా. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, బొమ్మ చక్కగా వచ్చింది. చూస్తే ఆవకాయ ఒక చివర, వెల్లుల్లి ఆవకాయ ఇంకో చివర, బెల్లం ఆవకాయా నిమ్మకాయా భుజం మీద చెయ్యేసుకుని ఉన్నాయి. పది నిమిషాలు దానికి అర్థం కూడా వెతికానండీ, సిగ్గులేకుండా, "వెల్లుల్లి వాసన బలంగా వేరు చేసింది కాబోలు" అని నోట్సు రాసుకున్నా. తర్వాత వెలిగింది, నేనిచ్చినవి పోలిక మార్కులు, అది అడిగేది తేడా మార్కులు. 9 అంటే ఒకేలా ఉన్నాయని మాకు, ఆమడ దూరంలో ఉన్నాయని దానికి. దీనికోసమే సిమ్‌టుడిస్ అని ఫంక్షన్ ఉంది ప్యాకేజీలోనే, కానీ డిఫాల్ట్ గా అది కోరిలేషన్ల (రెండు విషయాలు ఎంతవరకు కలిసి పెరుగుతాయో తగ్గుతాయో చెప్పే అంకెల) కోసం, మనలాంటి రేటింగులకైతే రివర్స్ అని చెప్పాలి. ఒక్కటి చెప్తా, తిరగేసిన డేటాకి కూడా ఇది అందమైన బొమ్మే ఇస్తుంది, కాబట్టి మీకు ముందే తెలిసిన జత ఒకటైనా పెట్టుకోండి చెక్ చేసుకోడానికి, మాకు ఆవకాయా వెల్లుల్లి ఆవకాయా అలా పనికొచ్చాయి.

ఇంకో చిన్న గుంట. ఎమ్‌డీఎస్ ఫంక్షన్‌కి ఏమీ చెప్పకపోతే రేషియో అనుకుంటుంది, అంటే 8 తేడా 4 తేడాకి సరిగ్గా రెట్టింపు అని నమ్ముతుంది. కిలోమీటర్లకి ఓకే. నాలుకకి కాదు. పచ్చడి తిన్న మనిషి 6 కన్నా 7 ఎక్కువ అని మాత్రం చెప్పగలడు, ఎంత ఎక్కువో ఆయనకే తెలీదు. కాబట్టి ఆర్డినల్ అని పెట్టాలి, అప్పుడది వరస క్రమాన్ని మాత్రమే పట్టుకుంటుంది. ఈ ఐడియా మామూలుది కాదు, 1952లో టోర్గర్సన్ ఇచ్చిన క్లాసికల్ పద్ధతి దూరాలని దూరాల్లాగే తీసుకునేది, 1962లో షెపర్డ్, 1964లో క్రుస్కల్, ఇద్దరూ బెల్ ల్యాబ్స్‌లో ఉండి, వరస ఒక్కటే ఉన్నా మ్యాపు కట్టొచ్చని చూపించారు. స్మాకాఫ్ లోపల నడిచే లెక్క 1977లో యాన్ డి లీవ్ పెట్టినది, పేరు విప్పితే స్కేలింగ్ బై మేజరైజింగ్ ఎ కాంప్లికేటెడ్ ఫంక్షన్. అంటే ఎగుడుదిగుడు గుంతలున్న ఫంక్షన్ మీద నునుపైన గిన్నె ఒకటి బోర్లించకుండా ఆనించి, ఆ గిన్నె అడుక్కి జారి, అక్కడ మళ్ళీ ఇంకో గిన్నె ఆనించి, అలా దిగుతూ పోతుంది. ప్రతి అడుగూ కిందికే, పైకి పోదు, కానీ ఏ గుంటలో ఆగుతుందో గ్యారంటీ లేదు. అందుకే నేను రాండమ్ స్టార్ట్‌తో ఓ వంద సార్లు వేసి స్ట్రెస్ (అదేంటో కిందే చెప్తా) అన్నిట్లోకీ తక్కువ వచ్చినదే ఉంచుకుంటా. 12 పచ్చళ్ళకి టీ తాగొచ్చేలోపు అయిపోతుంది.

స్ట్రెస్ అంటే మన స్ట్రెస్ కాదు, బొమ్మలో దూరాలు డేటాకి ఎంత మేర లొంగలేదో చెప్పే అంకె. క్రుస్కల్ గారు ఓ పట్టీ ఇచ్చి పోయారు: 20 శాతం అంటే బాలేదు, 10 ఫర్వాలేదు, 5 బాగుంది, 2.5 అద్భుతం, సున్నా అయితే పర్ఫెక్ట్. జనం దీన్ని పదో తరగతి పాస్ మార్కులా పట్టుకుని ఊగుతారు. కానీ వస్తువులు పెరిగేకొద్దీ స్ట్రెస్ పెరుగుతుంది, డైమెన్షన్లు (బొమ్మకి ఇచ్చే దిక్కులు, కాగితం మీదైతే రెండు) పెంచితే తగ్గుతుంది, ఏడెనిమిది వస్తువుల్ని ఆర్డినల్‌లో వేస్తే ఊరికే తక్కువొచ్చేస్తుంది, దానికి మురిసిపోతే పని చెడుతుంది. స్మాకాఫ్‌లో పెర్మ్‌టెస్ట్ అని ఉంది, మీ డేటాని కలగాపులగం చేసి మళ్ళీ మళ్ళీ వేసి "ఉత్త చెత్తకి కూడా ఇంతే వస్తుందా" అని చూపిస్తుంది, నన్నడిగితే క్రుస్కల్ పట్టీ కన్నా ఇదే ముందు చూడాలి. ఇంకో తలనొప్పి, ఆర్ లోనే మాస్ అనే ఇంకో ప్యాకేజీలో ఐసోఎమ్‌డీఎస్ స్ట్రెస్‌ని శాతంలో ఇస్తుంది, స్మాకాఫ్ ఏమో దశాంశంలో, రెండూ పక్కపక్కన పెట్టి 14 కీ 0.14 కీ తేడా ఎందుకొచ్చిందని తల గోక్కున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

మాది ఫర్వాలేదుకీ బాలేదుకీ మధ్యలో వేలాడింది. ఇక్కడే ఈ ప్యాకేజీకి నా అసలు మార్కులు. మొత్తం స్ట్రెస్‌తో ఆగదు, ఒక్కో వస్తువు వాటా ఎంతో విడదీసి చూపిస్తుంది. తీస్తే బెల్లం ఆవకాయ అందరికన్నా పైన కూర్చుంది. మిగతా పదకొండూ బుద్ధిగా కూర్చున్నాయి, ఇదొక్కటే ఎక్కడ పెట్టినా ఎవరితోనో గొడవ. షీట్లు మళ్ళీ తీసి చదివితే విషయం బయటపడింది, సగం మంది దాన్ని "ఆవకాయే, కాస్త తియ్యగా" అనుకున్నారు, మిగతా సగం "ఇది పచ్చడే కాదు" అన్నట్టు మార్కులేశారు. సగటు తీసేసరికి ఎవరూ అనుకోని మధ్యచోటు వచ్చింది. బొమ్మ చూసి ఇది నాకు ఎప్పటికీ తెలిసేది కాదు, బొమ్మలో అది కూడా అందరిలాగే ఓ చుక్క అంతే.

తర్వాత కోస్తా, తెలంగాణ పట్టికలు విడిగా ఇచ్చి ఇండ్‌స్కాల్ మోడల్ వేశాం, 1970లో కారల్, చాంగ్ తెచ్చినది. అందరికీ ఒకే మ్యాపు ఉంటుంది కానీ ఒక్కో గుంపు ఒక్కో గీతని ఎంత సాగదీసి చూస్తుందో బరువులు వస్తాయి. ఒక గుంపుకి వెల్లుల్లి ఉందా లేదా అన్నది పెద్ద విషయం, ఇంకోళ్ళకి పులుపు ఎక్కణ్ణుంచి వచ్చిందన్నది, మామిడా చింతపండా ఆకా అని. ఏ గుంపుకి ఏదో చెప్పను, కంపెనీ డబ్బిచ్చి చేయించుకున్న పని అది, పైగా కామెంట్లలో కొట్టుకుంటారు. దీంట్లో ఇంకో సుఖం, ఇండ్‌స్కాల్ గీతల్ని మనిష్టానికి తిప్పడానికి లేదు, అవి అక్కడే ఉండాలి. మామూలు ఎమ్‌డీఎస్‌లో అలా కాదు. "ఎక్స్ యాక్సిస్ అంటే ఏంటి, కారమా?" అని ప్రతి మీటింగులో అడుగుతారు. ఏమీ కాదు సార్, ఆ గీత కంప్యూటర్ పెట్టినది, తిప్పితే తిరుగుతుంది. కారం ఎటువైపు పెరుగుతుందో కావాలంటే కారం మార్కులు విడిగా తీసుకుని బైప్లాట్‌ఎమ్‌డీఎస్ లో పెడితే బాణం వేసి చూపిస్తుంది, ఆ బాణం అడ్డంగానే ఉండాలని లేదు. నేను డేటా సైన్స్ నేర్చుకున్న కోచింగ్ సెంటర్లో (పేరొద్దు, వాళ్ళూ బతకాలి) మాస్టారు ఎమ్‌డీఎస్ బొమ్మ వేసి "ఎక్స్ ధర, వై నాణ్యత" అని బోర్డు మీద రాసేశారు, నలభై మందిమి రాసుకున్నాం.

బొమ్మల గురించి రెండు కష్టాలు. ఒకటి, పేర్లు తెలుగులో పెడదామని ముచ్చటపడి పీడీఎఫ్‌కి పంపితే పచ్చళ్ళ బదులు డబ్బాలు వచ్చాయి, ఇది ఆర్ సంగతిలెండి, స్మాకాఫ్‌ది కాదు, కైరో పీడీఎఫ్ వాడితే ఒత్తులతో సహా సరిగ్గా వచ్చాయి. రెండోది మా ఆఫీసుది. స్లైడులో పట్టట్లేదని మా కుర్రాడు బొమ్మ మూల పట్టుకుని పక్కకి లాగాడు. అంతే, టమాటా పండుమిరపల మధ్య దూరం ఒక్క మౌసు కదలికతో రెట్టింపైంది. బార్ చార్టుని లాగితే ఏం కాదు, ఎమ్‌డీఎస్‌లో అడ్డం నిలువు ఒకే కొలతలో ఉండాలి, ఇక్కడ దూరమే డేటా. క్లయింటు ముందు గమనించి, దగ్గినట్టు నటిస్తూ స్లైడు మార్చేశా.

వేరేవి చూడలేదా అంటే చూశా. పైథాన్ సైకిట్ లెర్న్‌లో కూడా స్మాకాఫ్ పద్ధతే ఉంది, మీకు పైథాన్ అలవాటైతే పని జరిగిపోతుంది, కానీ నేను వాడిన వెర్షన్‌లో ప్రీకంప్యూటెడ్ అని చెప్పకపోతే మన దూరాల పట్టికనే మామూలు డేటా అనుకుని దాని మీద మళ్ళీ దూరాలు కట్టుకుంటుంది, బొమ్మ చూస్తే తెలీదు కూడా. ఎస్పీఎస్ఎస్‌లో ప్రాక్స్‌స్కాల్ ఉంది, మెనూలు నొక్కేవాళ్ళకి హాయి, డబ్బులు కావాలి. చెట్లూ పురుగులూ లెక్కపెట్టే వాళ్ళైతే వీగన్ ప్యాకేజీలో మెటాఎమ్‌డీఎస్ వాడతారు, అందులో డిఫాల్ట్ బ్రే కర్టిస్ దూరం (రెండు చోట్ల ఏ జాతి ఎన్నున్నాయో పోల్చేది), వాళ్ళ పనికి అదే కరెక్టు. ఇక కొత్తగా చేరిన పిల్లలు "టీ స్నీ వెయ్యొచ్చుగా" అంటారు, అది వేలకొద్దీ చుక్కల డేటాని గుంపులుగా చూపించే పద్ధతి, 12 పచ్చళ్ళకి టీ స్నీ ఎందుకు నాయనా, పైగా అందులో గుంపుకీ గుంపుకీ మధ్య దూరాన్ని నమ్మడానికి లేదు, నాకు కావల్సిందే ఆ దూరం.

దూరాన్ని ఎలా కొలవాలన్న పట్టింపు మన దేశానికి కొత్తేం కాదు. స్టాటిస్టిక్స్ పండితుడు మహలనోబిస్ రెండు గుంపుల మధ్య తేడా కొలిచే తన డి స్క్వేర్ దూరం మీద పేపర్ 1936లో వేశారు, 1941లో యునైటెడ్ ప్రావిన్సెస్‌లో మనుషుల తల కొలతలూ ముక్కు కొలతలూ తీసిన సర్వేని మజుందార్, సి.ఆర్. రావు గారితో కలిసి 1949లో సాంఖ్య అనే స్టాటిస్టిక్స్ పత్రికలో అచ్చు వేసినప్పుడు ఏ కులం ఏ తెగకి దగ్గరో ఆ దూరాలతోనే చూశారు. మన ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల ఎమ్మే చేసిన రావు గారు కంప్యూటర్ లేని రోజుల్లో చేసిన పని అది. నేను 66 గళ్ళకి ఎక్సెల్ హ్యాంగ్ అయిందని ఏడుస్తున్నా.

మైనస్‌లు కూడా చెప్పాలి. డాక్యుమెంటేషన్ ఉంది, బాగుంది, 2009లోనూ 2022లోనూ జర్నల్ ఆఫ్ స్టాటిస్టికల్ సాఫ్ట్‌వేర్‌లో పెద్ద వ్యాసాలు ఉన్నాయి ఫ్రీగా, కానీ స్టాటిస్టిక్స్ చదివినవాడికే అర్థమయ్యే భాష. మొదటిసారి ఓపెన్ చేసేవాడు ఏ ఫంక్షన్ తనదో తెలియక తిరుగుతాడు. నా సలహా, దాంట్లోనే ఎక్మన్ అనే రంగుల డేటా ఉంటుంది, 14 రంగులు, 31 మంది పోలిక మార్కులు, ముందు అది వెయ్యండి. ఎవరూ చెప్పకుండానే రంగులు గుండ్రంగా చక్రంలా కూర్చుంటాయి, ఊదా వచ్చి ఎరుపు పక్కకి తిరిగి చేరుతుంది. అది చూశాక వదిలిపెట్టరు. పెద్ద డేటాకి మాత్రం దీన్ని ముట్టుకోకండి, ప్రతి జతకీ ఒక అంకె కావాలి, పదివేల కస్టమర్లంటే పూర్తి పట్టిక పది కోట్ల గళ్ళు, మెమరీలో అదొక్కటే 800 ఎమ్‌బీ, ఆపైన లెక్కలు. నా లాప్‌టాప్ ఫ్యాన్ హెలికాప్టర్‌లా మోగింది, ఆపేశా.

5కి 4 ఇస్తా. ఆ ఒకటి తగ్గించింది తిరగేసిన డేటాకి చిన్న వార్నింగ్ కూడా ఇవ్వనందుకు, అది నా తప్పే అని తెలిసినా సరే.

ఇక క్లయింటు. ఫైనల్ మ్యాపు చూసి ఆయన టమాటాకీ మాగాయకీ ఉసిరికీ మధ్యన ఉన్న ఖాళీ జాగాలో వేలు పెట్టి, "ఇక్కడెవరూ లేరు కదా, ఇక్కడ పెట్టడానికి కొత్త పచ్చడి ఒకటి చేసేద్దామా?" అన్నారు. ఈ మ్యాపులో ఏది దేనిలా ఉందో ఉంది గానీ ఎవరికి ఏది ఇష్టమో లేదండీ, అక్కడ పచ్చడి లేకపోవడానికి ఎవరికీ అక్కర్లేకపోవడం కూడా కారణం కావచ్చు అన్నా. దానికి ఇష్టం మార్కులు విడిగా కావాలి, ఈ ప్యాకేజీలోనే అన్‌ఫోల్డింగ్ అని ఉంది, మనుషుల్నీ పచ్చళ్ళనీ ఒకే మ్యాపులో పెడుతుంది, ఎవరు దేనికి దగ్గరుంటే అది వాళ్ళకిష్టం. ఆయన ఓకే అన్నారు. శనివారం మళ్ళీ జనాన్ని పిలుస్తున్నాం, ఈసారి పిన్నిగారిని కూడా రమ్మన్నా, పెరుగు నాలుగు కిలోలు చెప్పి పెట్టా.